విద్యార్థి జేబుకు తగ్గ లండన్: మిత్రులతో కలిసి వెళ్లే యాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లోని ఇతర నగరాల్లో చదువుకుంటూ, వారాంతంలోనో సెలవుల్లోనో ముగ్గురు నలుగురు మిత్రులు కలిసి లండన్ చూసి రావాలనుకునే తెలుగు విద్యార్థుల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాను. సెప్టెంబరులో కొత్త బ్యాచ్ దిగగానే ఇవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి కనుక, ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఇక్కడ ఇచ్చిన ధరలు 2025 నాటివి. లండన్ రవాణా ఛార్జీలు సాధారణంగా ఏటా మార్చిలో మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోవాలి.

మూడు పగళ్లు, రెండు రాత్రులకు మనిషికి ఎంత ఖర్చవుతుంది?

మిడ్‌లాండ్స్ (మధ్య ఇంగ్లండ్) ప్రాంతంలోని ఏదో ఒక నగరం నుంచి బయలుదేరుతున్నారనుకుంటే, జాగ్రత్తగా ఉన్నవారికి 150 నుంచి 180 పౌండ్లలో యాత్ర పూర్తవుతుంది. రానూపోనూ కోచ్ (దూరప్రయాణ బస్సు) టికెట్టుకు సుమారు 25 పౌండ్లు, రెండు రాత్రుల బసకు 60 పౌండ్లు, నగరంలో తిరగడానికి 20 పౌండ్లు, తిండికి 30 పౌండ్లు, టికెట్టు కొని చూసే ఒకే ఒక్క ప్రదేశానికి మరో 30 పౌండ్లు వేసుకోండి. ఈ లెక్కలో అన్నిటికన్నా పెద్ద పద్దు బస. కాబట్టి ఆదా చేయదలచుకుంటే ముందు అక్కడే చేయాలి. కాఫీ మానేసినందువల్ల మిగిలేది పెద్దగా ఉండదు.

డిగ్రీ స్థాయి విద్యార్థి వీసా మీద తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అందువల్ల ఈ యాత్ర ఖర్చు చాలామందికి ఒక వారం జీతంలో పెద్ద భాగమే. ప్రతి పౌండునూ రూపాయల్లోకి మార్చి చూసుకుంటూ తిరిగితే ఏదీ చూడలేము; అలాగని అసలు లెక్క చూడకుండా తిరిగితే నెలాఖరున ఇంటి అద్దెకు తడుముకోవాలి. నా అనుభవంలో డబ్బు కరిగిపోయేది రెండు చోట్ల: ఆలస్యంగా చేసుకున్న బుకింగుల వల్ల, “ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా” అన్న మాట వల్ల.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

ఏప్రిల్ నుంచి జూన్ వరకు అనువైన కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు అస్తమించడు కనుక ఒకే రోజులో ఒకటిన్నర రోజుల పని జరుగుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. క్రిస్మస్ దీపాలు చూడటానికి అది బాగున్నా, నడిచి తిరగాలనుకునేవారికి కష్టం. పైగా గదుల ధరలు కూడా పెరుగుతాయి.

కోచ్‌లో వెళ్లాలా, రైల్లో వెళ్లాలా?

డబ్బే ప్రధానమైతే కోచ్. రెండు మూడు వారాల ముందు తీసుకుంటే ఒక్కో వైపు 8 నుంచి 15 పౌండ్ల మధ్యలో టికెట్టు దొరకడం మామూలే. సమయం ప్రధానమైతే రైలు. అయితే రైలు టికెట్టును బయలుదేరే రోజు స్టేషనులో కొనడమంటే జేబుకు చిల్లు పెట్టుకోవడమే. 16–25 రైల్‌కార్డు ఉంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. పేరులో 25 అని ఉన్నా, 26 ఏళ్లు దాటిన పూర్తికాల విద్యార్థులు కూడా దీనికి అర్హులే. మాస్టర్స్ చేస్తున్న మనవాళ్లలో చాలామంది ఈ సంగతి తెలియక సంవత్సరమంతా పూర్తి ధర చెల్లిస్తున్నారు. రైల్‌కార్డు లేకపోయినా ముగ్గురు నుంచి తొమ్మిది మంది వరకు కలిసి రద్దీ లేని వేళల్లో ప్రయాణిస్తే, చాలా రైలు సంస్థలు గ్రూప్‌సేవ్ పేరుతో అదే మూడో వంతు తగ్గింపు ఇస్తాయి. ఈ రెండు తగ్గింపులనూ ఒకే టికెట్టు మీద కలిపి వాడుకోవడం కుదరదు.

కోచ్‌లు చాలావరకు విక్టోరియా కోచ్ స్టేషనుకు చేరతాయి. ఇక్కడొక హెచ్చరిక. విక్టోరియా రైల్వే స్టేషను వేరు, కోచ్ స్టేషను వేరు. రెండింటికీ మధ్య సుమారు పది నిమిషాల నడక ఉంటుంది. కోచ్ స్టేషనులోనూ దిగే భవనం ఒకటి, ఎక్కే భవనం రోడ్డుకు ఇవతల మరొకటి. మా మొదటి యాత్రలో తిరుగు ప్రయాణం నాడు ఒక మిత్రుడు రైల్వే స్టేషనులో గడియారం కింద నిలబడి “నేను వచ్చేశాను, మీరెక్కడ?” అని ఫోన్ చేస్తుంటే, మేము ముగ్గురం కోచ్ తలుపు దగ్గర డ్రైవరుగారిని బతిమాలుతున్నాం. కోచ్ వెళ్లిపోయింది. ఆ రాత్రి అతనికి కొన్న కొత్త టికెట్టు, మా నలుగురి రాకపోకల టికెట్లలో దేనికన్నా ఖరీదైనది.

బస ఎక్కడ చూసుకోవాలి?

నలుగురు ఉంటే హాస్టల్లో నాలుగు పడకల గదిని మొత్తంగా తీసుకోవడం ఉత్తమం. విడివిడిగా పడకలు తీసుకునే ధరకు దగ్గర్లోనే వస్తుంది, సామాన్ల భయమూ ఉండదు. ఉమ్మడి గదిలో ఒక్కో పడక సాధారణంగా 20 నుంచి 40 పౌండ్ల మధ్య ఉంటుంది. శుక్ర, శనివారాల్లో పై అంకెకు, ఆదివారం నుంచి గురువారం వరకు కింది అంకెకు దగ్గరగా పలుకుతుంది. తరగతులు లేని వారం దొరికితే సోమవారం బయలుదేరి బుధవారం తిరిగి రండి, తేడా మీకే తెలుస్తుంది. వేసవిలో లండన్ విశ్వవిద్యాలయాలు కొన్ని తమ విద్యార్థి వసతి గదులను బయటివారికి అద్దెకిస్తాయి; అవి శుభ్రంగా, నగరం నడిబొడ్డున ఉంటాయి.

చౌకగా ఉందని ఊరి చివర గది తీసుకునే ముందు రానూపోనూ పట్టే సమయాన్ని, ఛార్జీని కూడా కలిపి చూడండి. వంటగది వాడుకోనిచ్చే హాస్టలైతే ఉదయం టిఫిను ఖర్చు తప్పుతుంది. సొంత తాళం, తువ్వాలు వెంట తీసుకెళ్లండి. లాకరు ఉచితమైనా తాళాన్ని మాత్రం అమ్ముతారు.

తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర ఉండవచ్చా?

అడిగి చూడవచ్చు, కానీ ముందే అడగాలి. ఒకే ఇంట్లో ఏడెనిమిది మంది సర్దుకుని ఉంటూ, రాత్రి షిఫ్టులకు వెళ్లి పగలు నిద్రపోయేవాళ్ల దగ్గరకు నలుగురం వెళ్లి వాలడం వారికి భారమే అవుతుంది. విద్యార్థి వసతి గృహాల్లోనైతే అతిథులు ఎన్ని రాత్రులు ఉండవచ్చో నిబంధనలు ఉంటాయి. వాటిని దాటితే మాట పడేది మిమ్మల్ని పిలిచిన మిత్రుడు. ఉండనిస్తే మాత్రం ఒక పూట వంట మీరు చేయండి.

నగరంలో తిరగడానికి ఏ కార్డు తీసుకోవాలి?

చాలామందికి ఏ కార్డూ అక్కర్లేదు. మీ బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డునే గేటు దగ్గర తాకిస్తే చాలు, ఆయిస్టర్ కార్డుకు (ముందుగా డబ్బు వేసుకుని వాడే లండన్ రవాణా కార్డుకు) పడే ఛార్జీయే పడుతుంది. ఒక రోజులో ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఒక పరిమితి దాటాక ఇక డబ్బు తీసుకోరు; 1, 2 జోన్లలో (నగరం నడిమి భాగంలో) తిరిగితే అది 8.90 పౌండ్లు. బస్సుల్లోనే తిరిగితే ఆ పరిమితి 5.25 పౌండ్లే. బస్సు టికెట్టు 1.75 పౌండ్లు, మొదటిసారి కార్డు తాకించినప్పటి నుంచి గంటలోపు ఎక్కే మిగతా బస్సులన్నీ అందులోనే వస్తాయి. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు. ఎర్ర బస్సు పైఅంతస్తులో ముందు సీటు దొరికితే, పర్యాటకుల బస్సులవారు ఎన్నో రెట్లు వసూలు చేసి చూపించే వీధులు 1.75 పౌండ్లకే కనిపిస్తాయి.

మూడు పొరపాట్లు చేయకండి. ఒకరి కార్డు మీద ఇద్దరు వెళ్లడం కుదరదు. ఉదయం కార్డుతో వెళ్లి, సాయంత్రం అదే కార్డును ఫోన్‌లోంచి వాడితే యంత్రం వాటిని రెండు వేర్వేరు కార్డులుగా లెక్కిస్తుంది, రోజువారీ పరిమితి వర్తించదు. ట్యూబులో (లండన్ భూగర్భ రైల్లో) ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే. రైల్‌కార్డు ఉన్నవారు స్టేషను సిబ్బందికి చెప్పి దాన్ని ఆయిస్టర్‌కు జత చేయించుకుంటే రద్దీ లేని వేళల్లో ఛార్జీ మూడో వంతు తగ్గుతుంది. ఈ ఒక్క సందర్భంలోనే ఆయిస్టర్ కొనడం లాభం, అదీ లండన్‌కు తరచుగా వెళ్లేవారికే.

డబ్బు పెట్టకుండా చూడగలిగినవి ఏమున్నాయి?

లండన్ ఖరీదైన నగరమన్న మాట నిజమే, కానీ ఆ నగరంలోని అత్యుత్తమమైన వాటికి టికెట్టే లేదు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, టేట్ మోడర్న్: వీటన్నిటిలో శాశ్వత ప్రదర్శనలు ఉచితం. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రమే టికెట్టు ఉంటుంది. నేచురల్ హిస్టరీ మ్యూజియం ప్రధాన మందిరంలో కప్పు నుంచి వేలాడుతున్న 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరాన్ని మెట్ల మీది నుంచి చూడండి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో యూరోపియన్ మనిషి మీద పడి కొరుకుతున్న టిప్పు సుల్తాన్ కొయ్యపులి ఉంది. శుక్రవారాల్లో బ్రిటిష్ మ్యూజియం రాత్రి 8.30 వరకు, నేషనల్ గ్యాలరీ 9 వరకు, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ 10 వరకు తెరిచి ఉంటాయి కనుక శుక్రవారం మధ్యాహ్నానికి లండన్ చేరేలా చూసుకుంటే ఒక పూట కలిసివస్తుంది. చక్రాల సూట్‌కేసులను బ్రిటిష్ మ్యూజియంలోకి అనుమతించరు; సామాను హాస్టల్లో పెట్టి వెళ్లాలి.

వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ, సెయింట్ పాల్స్ చర్చిలను పర్యాటకులుగా చూడాలంటే టికెట్టు ఉంది. సాయంత్రం జరిగే ప్రార్థన గానానికి ఎవరైనా ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు. అది వారి ఆరాధన కనుక మన గుళ్లో మనం కోరుకునే మర్యాదే అక్కడ మనం పాటించాలి, ఫొటోలు తీయకూడదు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మారే వేడుక సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో 11 గంటలకు జరుగుతుంది. నిజం చెప్పాలంటే, గంట ముందు వెళ్లి నిలబడితే కనిపించేది చాలావరకు ముందువారి ఫోన్లే.

లండన్ ఐ (నది ఒడ్డునున్న జెయింట్ వీల్) ఎక్కకుండా నగరాన్ని పైనుంచి చూడలేమా?

చూడవచ్చు. ఒక ఎత్తైన భవనం పైనున్న స్కై గార్డెన్, 22 బిషప్స్‌గేట్ భవనం 58వ అంతస్తులోని హొరైజన్ 22, ఈ రెండింటికీ ప్రవేశం ఉచితం. ముందుగా ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోవాలి. వారాంతపు చోట్లు త్వరగా నిండిపోతాయి కనుక, కోచ్ టికెట్టు తీసుకున్న వెంటనే చేయాల్సిన రెండో పని ఇదే.

తెలుగువారు తప్పక చూడవలసినది ఏదైనా ఉందా?

ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ నంబరు గది. చాలామంది రోజెట్టా శిలను, ఈజిప్టు మమ్మీలను చూసి కాళ్లు నొప్పులంటూ బయటకు వచ్చేస్తారు. చైనా, దక్షిణాసియా వస్తువులున్న 33వ గదిని ఒక చివరి దాకా నడిస్తే అద్దాల గోడ వెనుక అమరావతి మహాస్తూపం శిల్పాలు ఉంటాయి. 120కి పైగా ఉన్న ఈ సేకరణ భారతదేశానికి వెలుపల ఉన్న అమరావతి శిల్పాల్లో అతి ముఖ్యమైనది.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయన్నది తెలుసుకుని వెళితే చూపు మారుతుంది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధానిగా కట్టుకునే రోజుల్లో అక్కడి దిబ్బలోంచి చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. ఆ మాట విని 1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత తిరిగి వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, ఎండావానల్లో ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో ఓడలో లండన్‌కు వచ్చాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఇల్లు అమరావతికి గంట దూరంలో ఉండి, ఆ శిల్పాలను మొదటిసారి లండన్‌లో చూసినవారు మనలో తక్కువేమీ కాదు. నేనూ వారిలో ఒకణ్ని.

అక్కడ ఒక ఫలకం దగ్గర కాసేపు ఆగండి. పల్నాటి సున్నపురాయి, తెలుపులో లేత ఆకుపచ్చ ఛాయ. ఒకవైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటి చెక్కడం: చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపకుండా ఖాళీ ఆసనంతోనే ఆయన ఉనికిని చెప్పిన రోజులవి. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండో వైపున స్తూపాన్నే చెక్కారు: అండం అనే గుండ్రటి గోపురం, ముందు వేదిక మీద వరుసగా ఐదు ఆయక స్తంభాలు, ద్వారం దగ్గర సింహాలు. నేలమట్టమైపోయిన మహాస్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి ఇలాంటి చెక్కడాలే ఆధారం. మా బృందంలో సత్తెనపల్లి నుంచి వచ్చిన అమ్మాయి ఫలకం కింది చీటీలో “గుంటూరు జిల్లా” అన్న మాట చదివి, ఫొటో తీసి వాళ్ల నాన్నగారికి పంపింది. “ఊరికే చూడనిచ్చారా?” అన్నది ఆయన మొదటి ప్రశ్న.

33ఎ గది ఒక్కోసారి మూసి ఉండవచ్చు కనుక మ్యూజియం సైటులో గదుల సమాచారం చూసుకుని వెళ్లండి.

కోహినూర్ కోసం టవర్ ఆఫ్ లండన్‌కు అంత ధర పెట్టవచ్చా?

పెద్దల టికెట్టు 35 పౌండ్ల చిల్లర. విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే తగ్గుతుంది. టికెట్టు కొని చూసే ఒకే ఒక్క ప్రదేశం ఏదని నన్నడిగితే ఇదే చెబుతాను, అయితే కారణం కోహినూర్ ఒక్కటే కాదు. దాదాపు వెయ్యేళ్ల కిందటి కోటలో సగం రోజు గడుస్తుంది. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని ప్రతీతి ఉన్న ఆ వజ్రం ఇప్పుడు 105.6 క్యారెట్లు, 1852లో సాన పట్టినప్పుడు చాలా భాగం పోయింది. రెండో ఎలిజబెత్ రాణి తల్లికి 1937లో చేయించిన కిరీటంలో దాన్ని పొదిగారు. పెద్ద రాయిని ఊహించుకుని వెళ్లినవారికి అది చిన్నగా అనిపిస్తుంది. వీలైతే కోట తెరిచిన వెంటనే, మిగతావన్నీ వదిలి ముందు ఆభరణాల గదికే వెళ్లండి. మధ్యాహ్నానికి అక్కడ వరుస కోట ఆవరణలోకి సాగుతుంది.

సి.పి. బ్రౌన్ సమాధి లండన్‌లోనే ఉందా?

ఉంది. వేమన పద్యాలను సేకరించి, నిఘంటువులు కూర్చి, కడపలో సొంత ఖర్చుతో పండితులను పోషించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగ విరమణ తర్వాత లండన్‌కు వచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు. 1884 డిసెంబరు 12న మరణించారు. ఆయనను కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో సమాధి చేశారు. బేకర్లూ లైనులో అదే పేరుతో స్టేషను ఉంది. ఆ వాటిక చాలా విశాలమైనది కనుక కార్యాలయం తెరిచి ఉండే వేళకు వెళ్లి దారి అడగడం మంచిది. అందరికీ ఆసక్తి ఉండకపోవచ్చు, మిగతావారిని లాక్కెళ్లకండి.

తిండి సంగతేమిటి?

మొదటి రోజుకు ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి. చింతపండు పులుపు వల్ల రాత్రి దాకా పాడవదు, చల్లగా తిన్నా బాగుంటుంది, ఇంగువ వాసనకు కోచ్‌లో ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూస్తారు, అంతే. ట్రఫాల్గర్ స్క్వేర్ మెట్ల మీద డబ్బా విప్పితే పావురాలు చుట్టూ చేరతాయి. అక్కడ వాటికి మెతుకు వేయడం నిషేధం, జరిమానా ఉంది. మధ్యాహ్నాలకు సూపర్ మార్కెట్లలో శాండ్‌విచ్, చిప్స్, పానీయం కలిపి ఇచ్చే మీల్ డీల్ సుమారు 4 పౌండ్లు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు, ఖాళీ సీసా వెంట ఉంచుకోండి.

అన్నం మీదికి మనసు పోతే ఈస్ట్ హామ్‌లో దక్షిణాది హోటళ్లు ఉన్నాయి. నగరం మధ్యలో కావాలంటే యూస్టన్ స్టేషను పక్కన డ్రమండ్ స్ట్రీట్‌లో శాకాహార భోజనం దొరుకుతుంది. పశ్చిమ లండన్‌లో ఉన్న సౌతాల్‌లోని శ్రీ గురు సింగ్ సభ గురుద్వారాలో లంగర్ (సిక్కుల సామూహిక భోజనం) అందరికీ ఉచితం. తల కప్పుకుని, చెప్పులు విడిచి, వడ్డించినది పారేయకుండా తిని, వీలైతే కాసేపు గిన్నెలు కడిగి రండి. దాన్ని ఖర్చు మిగిల్చే హోటలుగా చూడటం మాత్రం నాకు నచ్చదు.

నలుగురి మధ్య డబ్బు లెక్కలు చెడకుండా ఎలా?

బయలుదేరే ముందే తలా 40 పౌండ్లు ఒకరి దగ్గర ఉమ్మడిగా వేసి, తిండి వంటి పంచుకునే ఖర్చులు అందులోంచే పెట్టండి. మాంసాహారం తినేవారి బిల్లు, తిననివారి బిల్లు వేరుగా ఉండాలని మొదటి పూటే తేల్చుకోవాలి. మొహమాటానికి పోయి చివరి రోజు అలిగినవారిని చూశాను. టవర్ టికెట్టు వంటి పెద్ద ఖర్చు ఇష్టం లేనివారు ఆ సమయాన్ని పక్కనే ఉన్న టవర్ బ్రిడ్జి మీద, నది ఒడ్డున గడపవచ్చు. అందరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టుదల అక్కర్లేదు.

రాత్రి వేళ తిరగడం క్షేమమేనా?

జనం ఉన్న వీధుల్లో సాధారణంగా క్షేమమే. ఎక్కువగా జరిగేది ఫోన్ల దొంగతనం: రోడ్డు అంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే వెనకనుంచి ఎలక్ట్రిక్ సైకిలు మీద వచ్చి లాక్కుపోతారు. దారి చూసుకోవాలంటే గోడవైపు తిరిగి, దుకాణం గుమ్మంలో నిలబడి చూసుకోండి. మామూలు రోజుల్లో ట్యూబు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది. శుక్ర, శనివారాల్లో విక్టోరియా, జూబిలీ, సెంట్రల్, నార్తర్న్, పికడిల్లీ లైన్లలో రాత్రంతా నడుస్తుంది, పేరు ముందు ‘ఎన్’ ఉన్న రాత్రి బస్సులు ప్రతిరోజూ ఉంటాయి. అత్యవసరానికి 999, రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడితే 61016కు మెసేజ్ పంపితే రైల్వే పోలీసులకు చేరుతుంది. రంగు దీపాలు, పాటలతో నిలిచే రిక్షాలను ధర మాట్లాడుకోకుండా ఎక్కకండి.

అక్కడినుంచి అటే ప్యారిస్ వెళ్లి రావచ్చా?

బ్రిటన్ విద్యార్థి వీసా మీద వెళ్లలేరు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ వీసా (ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) విడిగా కావాలి. దాని అపాయింట్‌మెంట్లకు వారాలు పడుతుంది కనుక అది వేరే సెలవుల పని.